‘హార్ట్‌బీట్’ చూడడం ఎలా: పద్దెనిమిదేళ్ళు అరవైల దశకంలోనే నిలిచిపోయిన పోలీసు ధారావాహిక

ఇంగ్లండు ఉత్తర భాగంలోని యార్క్‌షైర్‌లో, హెదర్ పొదలు పరుచుకున్న బీడుకొండల నడుమ ఐడెన్స్‌ఫీల్డ్ అనే కల్పిత గ్రామం. ఆ ఊరికి ఒక కానిస్టేబుల్, పక్క పట్టణమైన ఆష్‌ఫర్డ్‌లీలో ఒక చిన్న ఠాణా, అందులో ఎప్పుడూ చిరాకుపడే ఒక సార్జెంటు, ఊరి మధ్య ఒక పబ్, ఒక డాక్టరు, ఒక గ్యారేజీ. ఇంత కొద్ది సరంజామాతో బ్రిటన్‌లోని ఐటీవీ ఛానెల్ ‘హార్ట్‌బీట్’ను 1992 ఏప్రిల్ 10న మొదలుపెట్టి 2010 సెప్టెంబరు 12 దాకా నడిపింది. మొత్తం 18 సీజన్లు, 372 భాగాలు. రోజుకొకటి చొప్పున చూసినా ఏడాది దాటుతుంది. ఒక దశలో దీన్ని వారం వారం కోటిమందికి పైగా చూశారు. ప్రసారం ముగిశాక కూడా ఐటీవీ3 ఏళ్ళ తరబడి దీన్ని తిరిగి వేస్తూనే ఉంది.

ఇప్పుడు కొత్తగా చూడబోయేవారికి రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఒకటి దీని పొడవు. రెండవది దీని తీపి: రెండు మూడు భాగాలు చూసేసరికి కొందరు ఇది వట్టి బెల్లంపాకమని పక్కన పెట్టేస్తారు, మరికొందరు ఆ పాకంలోనే మునిగి, అప్పటి ఇంగ్లండు నిజంగా అలాగే ఉండేదని నమ్మేస్తారు. ఈ రెండింటికీ మధ్య నిలబడి, జ్ఞాపకాల మీద ఆడుకునే ఈ ధారావాహిక తన పని ఎలా చేస్తుందో గమనిస్తూ, అదే సమయంలో దాని ఆనందాన్ని పోగొట్టుకోకుండా చూడడం ఎలాగన్నది ఇక్కడి విషయం.

రెండు క్యాలెండర్లు

చూడడం మొదలుపెట్టే ముందే మనసులో రెండు క్యాలెండర్లు తగిలించుకోవాలి. మొదటిది కథాకాలం. కథ సుమారు 1964లో మొదలై 1969లో ఆగుతుంది. రెండవది ప్రసారకాలం, అంటే 1992 నుంచి 2010 వరకు. కథలో ఐదారేళ్ళు గడిచే లోపు నటులకు పద్దెనిమిదేళ్ళు మీదపడ్డాయి. ఈ తేడా చిన్నదేమీ కాదు. ఒక పాత్ర జుట్టు నెరుస్తూ ఉంటుంది, గోడమీది క్యాలెండరు మాత్రం పట్టుమని పేజీ తిప్పదు. క్రిస్మస్‌లు వస్తాయి, పోతాయి, దశకం మాత్రం కదలదు. కాలం ఆగిన చోట నివసిస్తున్నామన్న భ్రమ ప్రేక్షకుడికి కలగడంలో సగం కారణం ఇదే. దీన్ని తప్పుగా లెక్కపెట్టి నవ్వుకోవడం కంటే, కథనం చేసుకున్న ఒప్పందంగా తీసుకుంటే చూడడం సులువవుతుంది.

రెండవ క్యాలెండరును చాలామంది మరచిపోతారు. బ్రిటన్‌లో 1989 అక్టోబరులో ‘గిల్‌ఫర్డ్ ఫోర్’, 1991 మార్చిలో ‘బర్మింగ్‌హామ్ సిక్స్’ విడుదలయ్యారు. చేయని బాంబు పేలుళ్ళకు దాదాపు పదిహేనేళ్ళు జైలులో మగ్గినవారు వీళ్ళు, పోలీసులు రాబట్టిన వాంగ్మూలాల మీద నమ్మకం కోర్టుల్లోనే కూలిపోయిన కేసులు ఇవి. అది జరిగిన మరుసటి ఏడాదే, ఊరిలో ప్రతి ఇంటి తలుపూ తెలిసిన, చేతిలో చిన్న పుస్తకం తప్ప మరేమీ లేని ఒక యువ కానిస్టేబుల్ తెరమీదికి వచ్చాడు. నిర్మాతలు దీన్ని లెక్కవేసి చేశారని నేను అనడం లేదు. ఆ రోజుల్లో తెరముందు కూర్చున్న ప్రేక్షకుడి మనసులో ఏ లోటు ఉండి ఉంటుందో ఊహించమంటున్నాను. ఈ ధారావాహిక తియ్యదనం అరవైల గురించి చెప్పేదానికంటే, తొంభైల ఆరంభంలో మనుషులకు పోలీసుల విషయంలో ఏమి కరువైందో ఎక్కువ చెబుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగిలిన 300 గంటలు వేరుగా కనిపిస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటి భాగం నుంచే మొదలుపెట్టండి; మధ్యలో దూకవద్దు. లండన్ పోలీసులో పనిచేసే నిక్ రోవన్, డాక్టరైన భార్య కేట్‌తో ఆమె పెరిగిన ప్రాంతానికి వచ్చి గ్రామ కానిస్టేబుల్‌గా కుదురుకోవడం మొదటి సీజన్ కథ. నిక్ బెరీ, నియామ్ క్యూసాక్ ఈ ఇద్దరినీ ఏ ఆర్భాటమూ లేకుండా చేశారు. బయటివాడి కళ్ళతో మనం ఊరిలోకి ప్రవేశిస్తాం కనుక, ఆ ఊరి నియమాలు అతడితోపాటు మనకూ ఒక్కొక్కటిగా తెలుస్తాయి. ఎవరి మీద కేసు కట్టాలి, ఎవరిని చూసీ చూడనట్టు వదిలేయాలి, ఎవరి మాట వినాలి, ఎవరి మాట విన్నట్టు నటించాలి అన్నది నిక్ నేర్చుకునే చదువు. ఆ చదువు పూర్తికాకుండా తరువాతి సీజన్లలోకి దూకితే, ఊరివాళ్ళు వట్టి విచిత్ర జీవులుగా మాత్రమే మిగులుతారు.

మొదటి సీజన్ శుక్రవారాలు ప్రసారమైంది. తరువాత ఆదివారం సాయంత్రానికి మారి, ఆ సమయానికి పర్యాయపదంగా స్థిరపడిపోయింది. సెలవు ముగిసి మర్నాడు పనిలోకి వెళ్ళాల్సిన పూట, వారం ఆఖరి గంటలో చూడడానికి కుదిరినట్టుగా దీని నడక ఉంటుంది. కాబట్టి ఒకేసారి ఐదారు భాగాలు చూడడం దీనికి చేసే అన్యాయం. వారానికి ఒకటి అనుకున్నది మరీ కష్టమైతే రెండు. అంతకు మించితే కథల పోలిక కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించి విసుగు పుడుతుంది.

ఒక భాగాన్ని విడదీసి చూడడం

ఒక్కో భాగం సుమారు 50 నిమిషాలు. అందులో సాధారణంగా మూడు పోగులు అల్లుకుని ఉంటాయి. ఒకటి నేరం: దొంగతనం, దొంగసారా, తప్పిపోయిన మనిషి, అప్పుడప్పుడు హత్య. రెండవది ఒక ఇంటి కష్టం, ఎక్కువసార్లు డాక్టరు తలుపు తట్టి లోపలికి వచ్చేది. మూడవది నవ్వు, ఇది చాలా ఏళ్ళపాటు క్లాడ్ గ్రీన్‌గ్రాస్ సొత్తు. ఈ మూడింట్లో ఏది దేనిని తాకుతుందో చూడడమే అసలు ఆట. గ్రీన్‌గ్రాస్ చేసిన తింగరి పని వల్ల నేరం బయటపడవచ్చు, లేదా నేరస్థుడిని వెంటాడుతూ పోయిన కానిస్టేబుల్ ఏ వృద్ధురాలి ఒంటరితనాన్నో చూసి రావచ్చు. కథలు కలవకుండా పక్కపక్కన నడిచిన భాగాలు నా లెక్కలో బలహీనమైనవి. వాటిని మరోసారి చూడనక్కరలేదు.

బిల్ మేనార్డ్ నటించిన గ్రీన్‌గ్రాస్‌ను కాస్త దగ్గరగా చూడండి. పాత సైనిక కోటు, చింపిరి గడ్డం, వెంట ఆల్ఫ్రెడ్ అనే కుక్క, ఎప్పుడూ ఏదో ఒక సరుకు నింపుకొని తిరిగే లారీ. ఎస్టేటుల్లో దొంగచాటుగా వేటాడతాడు, లెక్కాపత్రం లేని సరుకు అమ్ముతాడు, దొరికిపోతే అమాయకంగా ముఖం పెడతాడు. డెరెక్ ఫౌల్డ్స్ చేసిన సార్జెంటు ఆస్కర్ బ్లేక్‌టన్‌కు అతడిని కటకటాల వెనక్కి పంపడమే జీవితాశయం. అయితే చూడాల్సింది పట్టుకోవడం గురించి కాదు. వేటజంతువు మీద హక్కు భూస్వామిదా, బీడు మీద తిరిగేవాడిదా అన్న పాత తగాదా గ్రామీణ ఇంగ్లండులో శతాబ్దాలుగా ఉన్నదే. గ్రీన్‌గ్రాస్‌కు ప్రేక్షకుడి సానుభూతి దొరికేలా రాసి, చట్టాన్ని బ్లేక్‌టన్ నోట పెట్టి, ఆ ఇద్దరినీ ఒకే పబ్‌లో తాగించడంలో రచయితలు ఆ తగాదాను నవ్వుగా మార్చేశారు. కోపం రావలసిన చోట నవ్వు వస్తోందంటే, జ్ఞాపకాలతో పనిచేసే కథనం మనమీద పనిచేసినట్టే. అది తెలిసి నవ్వినా నష్టమేమీ లేదు.

విలియం సైమన్స్ నటించిన ఆల్ఫ్ వెంట్రెస్‌కు కథలో పెద్ద పని ఉండదు. ఠాణా డెస్కు వెనుక కూర్చుని సిగరెట్టు కాలుస్తాడు, ఉడికించిన గుడ్డు ఒలుస్తాడు, ఫోను ఎత్తుతాడు. ఉద్యోగ విరమణ చేశాక కూడా సాధారణ ఉద్యోగిగా అదే గదికి తిరిగి వస్తాడు. బ్లేక్‌టన్ కూడా అంతే: సార్జెంటు పదవి వదిలి తపాలా దుకాణం నడిపి, ఆ తరువాత పబ్ యజమాని అవుతాడు, ఊరు వదలడు. ధారావాహిక ఇంతకాలం నిలవడానికి నేరాలకంటే ఇలాంటివాళ్ళే కారణమని నా అభిప్రాయం. ఉద్యోగం పోయినా మనిషికి ఊరిలో చోటు మిగలడమన్న ఆలోచన, ఎవరైనా ఎప్పుడైనా ఉద్యోగం పోగొట్టుకోగల కాలంలో చూసేవారికి ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

చట్టం పుస్తకం పక్కన పెట్టుకోండి

జ్ఞాపకాల మత్తు తలకెక్కకుండా ఉండాలంటే అసలు చరిత్రలోని నాలుగు తేదీలు గుర్తుంటే చాలు. బ్రిటన్‌లో చివరి ఉరిశిక్షలు 1964 ఆగస్టు 13న అమలయ్యాయి. 1965లో హత్యకు మరణశిక్షను ఐదేళ్ళపాటు నిలిపివేశారు, 1969 డిసెంబరులో ఆ రద్దును శాశ్వతం చేశారు. అంటే కథాకాలం ఆరంభంలో, విధి నిర్వహణలో ఉన్న పోలీసును చంపినవాడికి చట్టప్రకారం ఉరి పడే అవకాశం ఇంకా ఉంది. తొలి సీజన్లలో ఎవరైనా తుపాకీ పట్టుకుని కానిస్టేబుల్ ఎదుట నిలబడితే, ఆ సన్నివేశాన్ని ఈ తూకంతో చూడండి.

పబ్ ముందు ఆగి ఉన్న కార్లను కూడా అలాగే చూడాలి. తాగి వాహనం నడిపేవారిని శ్వాస పరీక్షతో పట్టుకోవడం 1967 అక్టోబరులో మొదలైంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. అంతకుముందు మనిషి నడిపే స్థితిలో లేడని పోలీసు తన కళ్ళతో చూసి, కోర్టులో నిరూపించవలసి వచ్చేది. అందువల్ల గ్రామ కానిస్టేబుల్‌కు ఎంత విచక్షణ ఉండేదో, తెలిసినవాడిని వదిలేసి తెలియనివాడిని పట్టుకునే వీలు ఎంత ఉండేదో తేలిగ్గా అర్థమవుతుంది. మనం ముచ్చటపడే ‘ఊరి పోలీసు’ మంచితనానికి ఇదే పునాది, ఇదే పగులు కూడా.

అలాగే ఆ దశకంలో పోలీసుల మీద నమ్మకం చెక్కుచెదరలేదని అనుకోవడమూ సరికాదు. పోలీసు వ్యవస్థ మీద 1960లో ఒక రాయల్ కమిషన్‌నే వేయవలసి వచ్చింది. దాని ఫలితంగా 1964 పోలీసు చట్టం వచ్చింది. 1963లో లండన్‌లో హెరాల్డ్ చాలెనర్ అనే డిటెక్టివ్ సార్జెంటు నిరసనకారుల జేబుల్లో ఇటుక ముక్కలు పెట్టి కేసులు బనాయించిన సంగతి బయటపడి పెద్ద గొడవే అయింది. చిన్న బలగాలను కలిపేసే పని కూడా ఈ కాలంలోనే జరిగింది: ఆ ప్రాంతపు నార్త్ రైడింగ్ కాన్‌స్టాబ్యులరీ 1856లో ఏర్పడి, 1968లో పొరుగు బలగాలతో కలిసిపోయింది. కాలినడకన తిరిగే బీటు (గస్తీ) స్థానంలో కార్లు, రేడియోలు వచ్చినదీ అప్పుడే. నీలం, తెలుపు రంగుల ‘పాండా’ అనే గస్తీ కారు, దాని వెనుక అద్దం లోపలికి వాలిన ఫోర్డ్ ఆంగ్లియా రూపం ఇప్పుడు చూడగానే ముద్దుగా అనిపిస్తుంది. ఆనాటి పాత పోలీసులకు మాత్రం అది తమ బీటును మింగేయడానికి వచ్చిన కొత్త యంత్రం.

డబ్బు మాటలు వినిపించినప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. దశాంశ నాణేలు 1971 ఫిబ్రవరిలో గాని రాలేదు.

రచయిత సంగతి

ఈ కథలకు మూలం నికొలస్ రియా అన్న కలం పేరుతో వచ్చిన ‘కానిస్టేబుల్’ పుస్తకాలు, 1979 నుంచి వెలువడినవి. ఆ పేరు వెనుక మనిషి పీటర్ వాకర్. అదే బీడుకొండల్లోని గ్లెయిస్‌డేల్‌లో 1936లో పుట్టి, దాదాపు ముప్పై ఏళ్ళు ఆ ప్రాంతపు పోలీసులో పనిచేసి, 2017లో కన్నుమూశాడు. ఇది ఎందుకు తెలుసుకోవాలంటే, ఈ కథల్లో చిక్కుముడులు తక్కువ, సంఘటనలు ఎక్కువ. హంతకుడెవరన్న ఉత్కంఠ కోసం చూసేవారికి నిరాశే మిగులుతుంది. ఒక కానిస్టేబుల్ డ్యూటీ ముగించి వచ్చి ఇంట్లో చెప్పే ముచ్చట్ల వంటివి ఇవి: గొర్రె తప్పిపోయింది, ఫలానా ఆయన కంచె జరిపాడు, ఫలానా ఆవిడ ఫోను చేసి ఏడ్చింది. పోలీసు ఇంటికే ఆఫీసు అతుక్కుని ఉండడం, ఫోను మోగితే భార్యే ఎత్తి సమాధానం చెప్పడం లాంటి వివరాలు అనుభవం నుంచి వచ్చినవని చూడగానే తెలుస్తుంది. గ్రామ కానిస్టేబుళ్ళ భార్యలు జీతం లేని సహాయకులుగా ఉన్నారన్నది చరిత్ర. కేట్ తన సొంత వృత్తి ఉన్న డాక్టరు కావడం వల్ల ఆ అమరికకు మొదటి నుంచే ఒక కుదుపు ఉంది. ఆమె పాత్ర క్యాన్సరుతో మరణించాక కథ ఆ పదును కొంత పోగొట్టుకుందనే నేను అంటాను.

పాటలు వినడం

కథ మధ్యలో వచ్చే అరవైల పాప్ పాటలను నేపథ్య శబ్దంగా వదిలేయవద్దు. సన్నివేశంలో పాత్రలు నోరు విప్పి చెప్పనిది చాలాసార్లు పాట చెబుతుంది, కొన్నిసార్లు వెక్కిరిస్తుంది కూడా. పాట విడుదలైన సంవత్సరానికి, కథాకాలానికి అప్పుడప్పుడు పొత్తు కుదరదు, దాన్ని పట్టుకుని పేచీ పెట్టవద్దు. శీర్షిక గీతమే చూడండి: బడీ హోలీ పాడిన ఆ పాట 1958 నాటిది, అంటే కథ మొదలయ్యే నాటికే పాతది. నిక్ బెరీ గొంతుతో 1992లో మళ్ళీ వచ్చి బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో రెండవ స్థానం దాకా ఎక్కింది. అరవైల జ్ఞాపకానికి గుర్తుగా యాభైల పాట, తొంభైల గొంతులో వినిపిస్తుంది. ఈ ధారావాహిక జ్ఞాపకాన్ని ఎలా అల్లుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. ఏ కాలమన్నది ముఖ్యం కాదు, ‘అప్పుడు’ అనిపిస్తే చాలు.

ఎంతవరకు చూడాలి

1998లో నిక్ రోవన్ కెనడా పోలీసులో చేరడానికి వెళ్ళిపోతాడు. అతని స్థానంలో జేసన్ డర్ చేసిన మైక్ బ్రాడ్లీ, ఆ తరువాత మరికొందరు కానిస్టేబుళ్ళు వస్తారు. మేనార్డ్ 2000లో తప్పుకోగా, ఆయన ఖాళీని జెఫ్రీ హ్యూస్, ఆపైన గ్వెన్ టేలర్ తమ తమ పాత్రలతో నింపే ప్రయత్నం చేశారు. ఇద్దరూ సమర్థులే, కానీ కథకు వెన్నెముకగా ఉన్న పాత వైరం వారితో రాలేదు. చివరి సీజన్లలో తుపాకులు, మరణాలు ఎక్కువై, ఊరు మునుపటి ఊరులా ఉండదు. సమయం తక్కువగా ఉన్నవారు నిక్ రోవన్ సీజన్లు పూర్తిగా, మైక్ సీజన్లు తీరికనుబట్టి చూసి, ఆపై వాటిలో నచ్చినవి ఏరుకుంటే సరిపోతుంది. 2003లో మొదలైన ‘ద రాయల్’ దీనికి తోడుగా పుట్టిన ఆసుపత్రి ధారావాహిక. డాక్టరు కథల మీద మక్కువ ఉన్నవారికి మాత్రమే దాన్ని సూచిస్తాను.

అసలు ఊరిని చూడాలనుకుంటే

ఐడెన్స్‌ఫీల్డ్‌గా కనిపించినది నార్త్ యార్క్ మూర్స్‌లోని గోత్‌ల్యాండ్ గ్రామం. పికరింగ్, గ్రోస్‌మంట్‌ల మధ్య 18 మైళ్ళు నడిచే నార్త్ యార్క్‌షైర్ మూర్స్ ఆవిరి రైలు అక్కడ ఆగుతుంది. 1965లో మూతపడిన ఆ మార్గాన్ని అభిమానులు పూనుకుని 1973లో తిరిగి నడిపించారు. ధారావాహికలో ఊరి స్టేషను ఇదే. హ్యారీ పోటర్ తొలి చిత్రంలో హాగ్స్‌మీడ్ స్టేషనుగా కనిపించినదీ ఇదే కాబట్టి, ప్లాట్‌ఫాం మీద రెండు రకాల అభిమానులు కెమెరాలతో ఎదురుపడడం మామూలే. పబ్‌గా కనిపించిన గోత్‌ల్యాండ్ హోటలు, గ్యారేజీ, దుకాణం నడిచి చూసేంత దూరంలోనే ఉంటాయి. ఠాణాను మాత్రం అక్కడ వెతకవద్దు. ఆ సన్నివేశాలు వెస్ట్ యార్క్‌షైర్‌లో తీశారు. హెదర్ పూత చూడాలంటే ఆగస్టులో వెళ్ళాలి. గొర్రెలు వీధుల్లోనే మేస్తూ తిరుగుతాయి, కారు నడిపేవారు వాటికే దారివ్వాలి.

ఊరికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఫైలింగ్‌డేల్స్ రాడార్ కేంద్రం ఉంది. సోవియట్ క్షిపణులను ముందుగా పసిగట్టడానికి 1963లో పనిలోకి వచ్చిన ఆ కేంద్రంలో, బీడు మీద తెల్లటి మూడు భారీ గోళాలు మూడు దశాబ్దాలపాటు ఎంతో దూరానికి కనిపించేవి. ఇప్పుడు వాటి స్థానంలో పిరమిడ్ ఆకారంలో కొత్త రాడార్ ఉంది. నిజమైన 1964లో గోత్‌ల్యాండ్ మనిషి కొండెక్కితే కళ్ళబడేవి ఆ గోళాలే.

చివరగా ఒక సూచన. ‘హార్ట్‌బీట్’ ఆగిపోవడానికి పన్నెండు రోజుల ముందు, 2010 ఆగస్టు 31న, లండన్ నగర పోలీసుల మీద 1984 నుంచి ఐటీవీలోనే నడిచిన ‘ద బిల్’ కూడా ముగిసింది. ఒకే ఏడాది ప్రసారమైన భాగాలను రెండింటి నుంచి ఒక్కొక్కటి తీసుకుని, వరుసగా రెండు సాయంత్రాలు చూడండి, ముందు ‘ద బిల్’, తరువాత ‘హార్ట్‌బీట్’. మొదటిదానిలో పోలీసులు తలుపు తట్టినప్పుడు లోపలివాళ్ళు తలుపు ఎంతమేర తెరుస్తారో, రెండవదానిలో ఎంతమేర తెరుస్తారో గమనించండి.